పిలవని పది గీతలు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను కాస్త పెంచి చెబుతాను. కాస్త అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే. పుష్కరాల రేవులో మోకాలి లోతు నీళ్లలో కాలు జారితే, ఇంటికొచ్చేసరికి నేను కొవ్వూరు దాకా ఈదుకెళ్లి తిరిగొచ్చినవాణ్ణయిపోతాను. మా ఆవిడ నా మాటల్ని మనసులోనే నాలుగుతో భాగించుకుంటుంది. చుట్టాలున్నప్పుడయితే ఆరుతో. మీరూ అలాగే చెయ్యండి. ఒక్క యంత్రం చెప్పిన అంకెల జోలికి మాత్రం పోకండి. యంత్రానికి నాలాంటి నోరు లేదు.

నేను రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా రీసెర్చ్ ల్యాబ్ రెండో అంతస్తులో, పడమటెండ సూటిగా కొట్టే చోట ఉంది. మే నెలలో అక్కడ కిటికీలో బీకరు పెడితే నీళ్లు మరిగి ఆవిరైపోయి, బీకరు కూడా సగం ఆవిరవుతుంది. పోయినేడు అక్కడ జరిగిన సంగతే ఇది. ఇందులో నన్ను కలుపుకుని మనుషులు నలుగురు.

మొదటిది మా స్కాలరమ్మ. పాలకొల్లులో కిరాణా, పూజాసామాన్ల కొట్టున్న ఇంట్లో పుట్టింది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఇద్దరు పిల్లల చేత హోమ్‌వర్కు చేయిస్తూ, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి మా ల్యాబ్‌కొచ్చి ఏడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. ఆ ఏడేళ్లలో ఆవిడ తిరిగిన దూరమంతా కలిపితే చంద్రుడి దాకా వెళ్లి, అక్కడ టీ తాగి, వెనక్కి బయల్దేరొచ్చు.

రెండో మనిషి ల్యాబ్ అసిస్టెంట్. రిటైర్‌మెంటుకి రెండేళ్ల దూరంలో ఉన్నారు. ప్రిన్సిపాల్‌తో సహా అందరూ బాబాయ్ గారనే పిలుస్తారు. ల్యాబ్‌లో ఉన్న ప్రతి గాజు ముక్కా తన చేతుల్లోనే పుట్టి పెరిగిందన్నట్టు చూసుకుంటారు. గోడ బీరువాలో అన్నవరం సత్యనారాయణస్వామి పటం ఒకటి పెట్టుకున్నారు. పొద్దున్నే దానికి హారతిచ్చాకే ఏ సీసా మూతయినా తెరుచుకునేది.

మూడో ఆయన పేరు చెప్పను. మేధావి గారు అనుకుందాం. స్కాలరమ్మకి గైడు ఆయనే. మా గదిలో ఆయన టేబుల్ కిటికీ వైపు, నాది తలుపు వైపు. ఆయన మీసం గది గుమ్మంలోకి ఆయనకంటే పది సెకన్ల ముందొస్తుంది. జీవితంలో 'ఏమో' అన్న మాట ఒక్కసారి అన్నారట, అదీ నిద్రలో.

అసలు గొడవ ఎక్కడ మొదలైందో అర్థం కావాలంటే మా కార్బన్ ఎన్నెమ్మార్ సంగతి కొంచెం చెప్పాలి. భయపడకండి, క్లాసులో అటెండెన్సు లాంటిదే. మనం తయారుచేసిన పదార్థాన్ని ఒక ద్రవంలో కరిగించి, సన్నటి గాజు గొట్టంలో పోసి, పెద్ద అయస్కాంతంలో పెడతారు. అప్పుడు అణువులో ఉన్న ఒక్కో రకం కార్బన్ లేచి నిలబడి 'ప్రెజెంట్ సార్' అంటుంది. సున్నా నుంచి రెండువందల ఇరవై దాకా ఉన్న కొలబద్ద మీద, తన చోట, ఒక గీతై నిలబడుతుంది. గీతలు లెక్కపెడితే అణువు రూపం తెలుస్తుంది. కరిగించిన ద్రవంలోనూ కార్బన్ ఉంటుంది కాబట్టి అదీ డెబ్భయ్యేడు దగ్గర మూడు గీతలై నిలబడుతుంది. దాన్నే సాల్వెంట్ సిగ్నల్ అంటాం. అది రోజూ వచ్చే చుట్టం, ఎవరూ పట్టించుకోరు.

ఆ ద్రవం మామూలు క్లోరోఫామ్ కాదు. అందులో హైడ్రోజన్‌ని తీసేసి, దాని బరువైన అన్నగారు డ్యుటీరియంని కూర్చోబెడతారు. అందుకని మహా ప్రియం. మా బాబాయ్ గారు ఆ సీసాని స్వామి పటం ఉన్న బీరువాలోనే పెట్టి తాళం వేస్తారు. దేవుడి బీరువాలో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదని ఆయన లెక్క. దాన్ని తియ్యడానికి వాడే గాజు డ్రాపర్లక్కూడా ప్రత్యేకంగా ఒక డబ్బా. వాటితో ఇంకే ద్రవం ముట్టుకున్నా ఆయన మనతో వారం మాట్లాడరు.

మా కాలేజీలో ఎన్నెమ్మార్ యంత్రం లేదు. కాకినాడ వైపు ఒక కంపెనీ వాళ్లు గురువారం గురువారం బయటి కాలేజీల శాంపిళ్లు తీసిపెడతారు. ఇక్కడే గొట్టాల్లో నింపి, మూతలు పెట్టి, స్కాలరమ్మ ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్తుంది. ప్రతి గోతి దగ్గరా ఆవిడ డ్రైవర్ని, డ్రైవర్ గోతిని తిట్టుకుంటూ వెళ్తారు.

ఏడేళ్ల కష్టం చివరికి ఒక తెల్లటి పొడిగా తేలింది. నలభయ్యారు మిల్లీగ్రాములు. దాని మీద పేపర్ రాసి ఒక జర్నల్‌కి పంపారు. ఆ పేపర్ అచ్చుకి ఒప్పుకుంటేనే థీసిస్ ఇవ్వనిస్తారు. రిజిస్ట్రేషన్ గడువేమో అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఆ పై నెలాఖరుతో ఆఖరు. ఆ తేదీ దాటితే ఏడేళ్లూ కాగితాల కట్టగా అటక ఎక్కుతాయి.

ఇంతలో జర్నల్ నుంచి మెయిల్. 'మీ అణువుకి పద్దెనిమిది కార్బన్ గీతలుండాలి. మీరు పంపిన చిత్రంలో సాల్వెంట్‌ది పోగా ఇరవై ఎనిమిదున్నాయి. పదార్థం శుభ్రంగా లేదా, లేక మీరు చెప్పిన రూపమే తప్పా? నలభై అయిదు రోజుల్లో జవాబివ్వండి.'

మా లెక్కలో నలభై అయిదు రోజులంటే ఆరు గురువారాలు.

మేధావి గారు ఆ చిత్రమున్న కాగితాన్ని దీపం పురుగుని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని చూశారు. గోడ మీద సాల్వెంట్ల పట్టిక అంటించి ఉంటుంది. ఎవరెవరు పిలవకుండా వస్తారో, ఏ అంకెల దగ్గర నిలబడతారో అందులో ఉంటుంది.

"గొట్టాలు ఎసిటోన్‌తో కడిగి ఆరబెట్టకుండా పోసుంటావు."

"ఎసిటోన్‌ది రెండువందల ఏడు, ముప్ఫయ్యొకటి కదండీ. ఈ పదింట్లో రెండువందల ఏడు లేదు సార్."

"అయితే ఇథైల్ ఎసిటేట్. కాలమ్‌లో వాడావుగా."

"దానిది నూటడెబ్భయ్యొకటి రావాలండీ. అదీ లేదు. హెక్సేన్ కాదు, గ్రీజు కూడా కాదు. అన్నీ చూశాను సార్ రాత్రి."

పదింట్లో ఒకటి రెండువందల పందొమ్మిది దగ్గర, ఊరి చివర ఒంటి కొబ్బరిచెట్టులా నిలబడి ఉంది. పట్టికలో ఏ సాల్వెంటూ అంత దూరం వెళ్లదు. మిగిలినవి యాభయ్యేడు, నలభయ్యారు, నలభైమూడు దగ్గర జంటగా రెండు, ఇరవైతొమ్మిది, ఇరవయ్యేడు, పందొమ్మిది దగ్గర మళ్లీ జంట, ఆఖరికి తొమ్మిది. కార్బన్లకి తీసినట్టే హైడ్రోజన్లకీ ఒక చిత్రం తీస్తారు. అందులో వీటి జాడ ఎవరికీ కనపడలేదెందుకంటే, ఆ మూలంతా మా అణువు సొంత హైడ్రోజన్లే జాతరలా కిక్కిరిసి ఉన్నాయి.

మేధావి గారు మీసం దువ్వుకున్నారు. "రెండువందల పందొమ్మిది అంటే ఏంటి? అయిదు మూలల ఉంగరంలో కూర్చున్న కీటోన్. అంటే నీ రియాక్షన్‌లోనే పక్కన ఇంకో సరుకు తయారయింది. నువ్వు సరిగ్గా విడదియ్యలేదు. కాలమ్ మళ్లీ వెయ్యమ్మా."

"మూడుసార్లు వేశాను సార్. పరీక్ష ప్లేటు మీద ఒక్కటే చుక్క వస్తోంది, ఇంకో సరుకుంటే రెండో చుక్క కనపడాలి కదండీ."

"నువ్వు చూసిన చుక్క ఒకటి. నువ్వు చూడని చుక్కలుంటాయి. వెయ్యి."

తలుపు పక్క టేబుల్ దగ్గర కూర్చున్న నేను, 'పాపం, ఆవిడ తప్పు కాదేమో' అనుకున్నాను, మనసులో.

కాలమ్ వెయ్యడమంటే పొడిని తెల్లటి సిలికా గొట్టంలోంచి మెల్లగా దింపి, సరుకుని, చెత్తని వేరుచెయ్యడం. దింపిన ప్రతిసారీ కొంత సరుకు గొట్టానికే అతుక్కుపోతుంది. నలభయ్యారు మిల్లీగ్రాములు ముప్ఫయ్యొకటయ్యాయి. గురువారం వెళ్లి చిత్రం తీయించుకొచ్చింది. పది గీతలూ అలాగే ఉన్నాయి.

"మళ్లీ వెయ్యి," అన్నారు మేధావి గారు.

ముప్ఫయ్యొకటి పందొమ్మిదయ్యాయి. రెండో గురువారం. ఈసారి ఆవిడ మూడు చిత్రాలూ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, స్కేలు పెట్టి కొలిచింది.

"సార్, ఒక్కసారి ఇటు చూడండి. సరుకు తగ్గినకొద్దీ నా గీతలు పొట్టివైపోతున్నాయి. ఆ పదీ మాత్రం వెంట్రుకంత కూడా తగ్గలేదు. శుభ్రం చేసినకొద్దీ మురికికి బలమొస్తుందాండీ?"

"నీ మాటలు బాగానే ఉన్నాయి. వీటిని ఆ జర్నల్‌కి రాస్తావా?"

"అది కాదు సార్. ఆ పదీ నా పొడిలోవి కావు. వేరే చోట నుంచొస్తున్నాయి. ఒక్కసారి ఉత్త సాల్వెంటే గొట్టంలో పోసి తీయిద్దామండీ."

మేధావి గారు జవాబు చెప్పేలోపే బీరువా దగ్గర్నుంచి తాళంచెవుల గలగల వినపడింది. బాబాయ్ గారు బీరువాకి అడ్డంగా నిలబడి ఉన్నారు, కోటగుమ్మం ముందు నిలబడ్డట్టు.

"ఉత్త గొట్టానికి సాల్వెంటా? అందులో ఏమీ వెయ్యకుండానే? పెళ్లికూతురు లేకుండా పల్లకీ మొయ్యమంటావేంటమ్మా!"

"బాబాయ్ గారూ, అర మిల్లీలీటరేనండీ. మీ కాళ్లట్టుకుంటాను."

"కాళ్లు వద్దులే, సంతకం పెట్టు. రెండు చోట్ల."

మూడో గురువారం ఉత్త సాల్వెంట్ వెళ్లింది. చిత్రంలో డెబ్భయ్యేడు దగ్గర మూడు గీతలున్నాయి. వాటితో పాటు ఆ పదీ ఉన్నాయి, పెళ్లివారికంటే ముందే విస్తళ్ల ముందు కూర్చున్నట్టు.

స్కాలరమ్మ ఆ రోజు బస్‌స్టాండ్ నుంచే ఫోన్ చేసింది. ఆవిడ గొంతు విని ఫోన్ ఎగిరి గంతేసిందనుకున్నాను. "సార్! నా పొడి శుభ్రమేనండీ!"

మేధావి గారు ఒప్పుకునే మనిషా? "అయితే సీసా పాడయింది," అన్నారు. సరేనని హైదరాబాద్ నుంచి సీలు విప్పని కొత్త సీసా తెప్పించారు. బాబాయ్ గారు దానికి బొట్టు పెట్టి, తన చేత్తోనే సీలు విప్పి, తన చేత్తోనే గొట్టంలో నింపారు. నాలుగో గురువారం చిత్రం వచ్చింది. పదీ ఉన్నాయి.

"అయితే యంత్రం పాడయింది," అన్నారు మేధావి గారు.

కంపెనీలో యంత్రం చూసే ఆయనకి ఫోన్ చేశారు. ఆయన మాట స్పీకర్లో గదంతా వినపడింది. "ఏమండీ, ఇవాళ ఇక్కడ పధ్నాలుగు శాంపిళ్లు తీశాను. పదమూడింటికి లేని జబ్బు మీ ఒక్కదానికే ఉంది. నా యంత్రాన్ని అంటారేంటండీ మీరు?"

అయిదో గురువారం యంత్రంలో హీలియం నింపుతున్నామని సెలవిచ్చారు. ఇక మిగిలింది ఒక్క గురువారం, పందొమ్మిది మిల్లీగ్రాములు.

మేధావి గారు అప్పుడు చెప్పిన మాట నేను మర్చిపోలేను. "చూడమ్మా, సాల్వెంట్‌లోనూ ఏదో ఉందేమో కానీ, నీ సరుకులోనూ లేదని ఎలా చెప్తాం? రెండూ ఉండొచ్చు. ఇంకోసారి కాలమ్ వేసి చూడు. లేదంటే పేపర్ వెనక్కి తీసుకుందాం. ఏడేళ్లున్నదానివి, ఇంకో ఏడాది..."

"ఇంకో ఏడాది లేదు సార్ నాకు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇంకోసారి కాలమ్ వేస్తే తొమ్మిది మిగులుతాయి. తొమ్మిదితో నా గీతలు అసలు కనపడవు. నాకొక్క గంటివ్వండి."

ఆ గంటలో ఆవిడ చేసింది చాలా చిన్న పని. మా ముగ్గురిలో ఎవరికీ తట్టనిది. సాల్వెంటు సీసా దగ్గర్నుంచి గొట్టం మూత దాకా దారిలో దాన్ని ఏమేం ముట్టుకుంటాయో అన్నిటినీ ఒక తెల్లకాగితం మీద వరసగా పెట్టింది. సీసా, గొట్టం, గొట్టం మూత, డ్రాపర్. డ్రాపర్ కోసం బాబాయ్ గారి డబ్బా తీసింది. డ్రాపర్లన్నీ బయట పెట్టి, డబ్బాని కాగితం మీద బోర్లించింది.

మూడు మిరియాలు దొర్లి పడ్డాయి.

ఆవిడ ఒకదాన్ని వేళ్లతో తీసి చూసింది. తర్వాత అడిగింది. "బాబాయ్ గారూ, ఈ డబ్బాలో మిరియాలెందుకున్నాయండీ?"

"ఉంటే ఉన్నాయిలేమ్మా. డ్రాపర్లకి జలుబు చెయ్యదు."

"అది కాదండీ. ఈ డబ్బా అంతకుముందు దేనికి వాడారు?"

"స్వామి దగ్గరదమ్మా. మూత గట్టిది, దుమ్ము పోదు, చీమ దూరదు. దసరాకి మా కోడలు కొత్త స్టీలు డబ్బా ఇస్తే హారతి సామాను అందులోకి మార్చి, దీన్ని డ్రాపర్లకిచ్చేశాను."

"హారతి సామానంటే కర్పూరమేనా?"

"మరి గోంగూర వెలిగిస్తామా హారతికి?"

"అందులో కర్పూరం అంతా తీసేశారా?"

బాబాయ్ గారు కొంచెం తటపటాయించారు. "అడుగున మూడు నాలుగు బిళ్లలుంటే ఉంచేశానమ్మా. పురుగూ పుట్రా రాకుండా ఉంటుందని. ఏం, తప్పా?"

"ఇప్పుడేవండీ ఆ బిళ్లలు?"

ఆయన వచ్చి డబ్బాలోకి చూశారు. తిప్పి చూశారు. కాగితం ఎత్తి కింద కూడా చూశారు. "లేవే!"

ఆవిడ పకపకా నవ్వింది. ఆరు వారాల్లో అది మొదటి నవ్వు. కిటికీ అద్దాలు రెండు బీటలిచ్చాయి. "ఎక్కడికీ పోలేదండీ. మీ డ్రాపర్ల లోపలున్నాయి. చిన్నప్పుడు మా కొట్లో కర్పూరం పొట్లాలు కట్టింది నేనే. పొట్లంలో మిరియాలు వెయ్యకపోతే మా నాన్నగారు గయ్యిమనేవారు. కర్పూరం కరక్కుండానే ఆవిరైపోతుంది, మిరియాలేస్తే కొన్నాళ్లాగుతుందని. ఆగినా మహా అయితే నాలుగు రోజులు. చివరికి పొట్లంలో మిరియాలొక్కటే మిగులుతాయి. కర్పూరం పోయి ఎక్కడో చల్లటి చోట మంచులా పేరుకుంటుంది."

డ్రాపర్ని వెలుతురుకి పెట్టి చూపించింది. సన్నటి మెడ లోపల, కంటికి ఆనీ ఆననట్టు, తెల్లటి పొర. క్లోరోఫామ్ తగిలితే చాలు, పొర మాయం. కర్పూరంలో కార్బన్లు పది, దేని చోటు దానిది. రెండువందల పందొమ్మిది దగ్గర నిలబడ్డ ఒంటి కొబ్బరిచెట్టు కర్పూరంలోని కీటోన్. అది నిజంగా అయిదు మూలల ఉంగరంలోనే ఉంటుంది. మేధావి గారు చెప్పిన శాస్త్రం అంతా రైటే, ఆవిడ మీద వేసిన నేరం ఒక్కటే తప్పు.

మరి వాసన ఎవరికీ రాలేదా అని మీరడగొచ్చు. రోజూ పొద్దున్నే హారతితో మొదలయ్యే ల్యాబ్ మాది. అక్కడ కర్పూరం వాసన రాని రోజే మాకు అనుమానం వస్తుంది.

బాబాయ్ గారు కుర్చీలో కూలబడ్డారు. "ఎంత పని జరిగిందమ్మా! నా చేత్తోనే నీ థీసిస్‌కి హారతిచ్చేశాను."

"ఊరుకోండి బాబాయ్ గారూ. మిరియాలు వేసింది కూడా మీరే కదా. అవే లేకపోతే నాకు తెలిసేదే కాదు."

ఆరో గురువారం రెండు గొట్టాలు వెళ్లాయి. కొత్త డ్రాపర్‌తో నింపినది ఒకటి, అందులో పందొమ్మిది మిల్లీగ్రాములూ ఉన్నాయి. రెండోది ఉత్త సాల్వెంట్‌లో పాలకొల్లు కొట్టు నుంచి తెచ్చిన ఒక కర్పూరం పలుకు. మధ్యాహ్నం మూడింటికి వాట్సాప్‌లో రెండు చిత్రాలొచ్చాయి. మొదటి దాంట్లో పద్దెనిమిది గీతలు. మళ్లీ లెక్కపెట్టాం. పద్దెనిమిదే. రెండో దాంట్లో పది, ఒక్కొక్కటీ మనకి బాగా తెలిసిన చోటే.

జర్నల్‌కి జవాబు రాసేటప్పుడు చిన్న పేచీ వచ్చింది. 'బయటి టెర్పీన్ జాతి పదార్థం' అని గంభీరంగా రాయమన్నారు మేధావి గారు. ఆవిడ ఒప్పుకోలేదు. "కర్పూరం సార్. కర్పూరమనే రాస్తాను. డ్రాపర్ల డబ్బాలోంచి వచ్చిందని కూడా రాస్తాను. ఇంకెవరికైనా ఇలా జరిగితే ఆరు వారాలు మిగులుతాయి కదా." అలాగే రాసింది. పేపర్ ఒప్పుకున్నారు. గడువుకి నాలుగు రోజుల ముందు థీసిస్ ఇచ్చేసింది.

ఆ రోజు మేధావి గారు ల్యాబ్‌లో అందరి ముందూ లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "క్షమించమ్మా, నిన్ను నమ్మాల్సింది," అన్నారు. బాబాయ్ గారు కళ్లు తుడుచుకున్నారు.

ఇక ఇందులో ఏది కల్పనో చెప్పాలి. చంద్రుడి మీద టీ, ఆవిరైన బీకరు, బీటలిచ్చిన అద్దాలు మీరు ఎలాగూ నమ్మి ఉండరు. అవి పెంచినవి, కల్పించినవి కావు. కల్పించింది ఒక్క మనిషిని. మేధావి గారనే ఆయన లేరు. మా గదిలో ఉన్నది ఒకే టేబుల్, అది కిటికీ వైపు ఉంది, నాది. ఆవిడకి గైడుని నేనే. కాలమ్ మళ్లీ వెయ్యమన్నది నేను. పేపర్ వెనక్కి తీసుకుందామన్నదీ నేనే. నలభయ్యారు మిల్లీగ్రాములని పందొమ్మిది చేయించినవాణ్ణీ నేనే. ఆవిడ తప్పు కాదేమో అని తలుపు పక్కన కూర్చుని మనసులో అనుకున్నవాడు ఎవడూ లేడు.

కాబట్టి అందరి ముందూ లేచి చేతులు జోడించిందీ జరగలేదు. ఆ రోజు నేను కుర్చీలోంచి లేవకుండానే, "సరేలే, ఫారాలన్నీ సరిగ్గా నింపావా?" అన్నాను. "నింపానండీ," అంది ఆవిడ. బస్సుకి టైమవుతోందని వెళ్లిపోయింది.

ఆవిడ ఇప్పుడు డాక్టరు గారు. ఎదురుపడితే ఇప్పటికీ ముందు నాకే నమస్కారం పెడుతుంది. క్షమించమ్మా అన్న మాట ఆవిడతో నేను ఇంతవరకూ అనలేదు. ఇక్కడ రాశాను.